ఇన్సులేషన్ ఊడదీయకుండా పైపులో తుప్పును కనిపెట్టడం ఎలా

పొడుగాటి పైపులైనుకి మామూలు థిక్‌నెస్ గేజ్ పెట్టి చూడాలంటే అంగుళం అంగుళం తడుముకుంటూ పోవాలి, పైగా ఇన్సులేషనంతా విప్పాలి. గైడెడ్ వేవ్ పద్ధతిలో ఆ బాధ లేదు. ఒక్కచోట విప్పి పైపు చుట్టూ ట్రాన్స్‌డ్యూసర్ల (కంపనాలు పుట్టించి, తిరిగొచ్చిన వాటిని పట్టుకునే సెన్సర్లు) రింగ్ బిగిస్తే, ఆ కంపన తరంగం పైపు గోడ వెంబడే రెండువైపులా పదుల మీటర్లు వెళ్తుంది, గోడ మందం మారిన చోటల్లా అందులో కొంత ఎకోగా వెనక్కి తిరిగొస్తుంది.

రింగ్ ఎక్కడ పెట్టాలన్నది ముందే డ్రాయింగ్ దగ్గర కూర్చుని తేల్చుకోండి. రింగుకి మరీ దగ్గరగా ఉన్న భాగం సరిగ్గా కనపడదు, ఫ్లాంజ్ (రెండు పైపుల్ని బోల్టులతో కలిపే అంచు) దాటి ఏమీ కనపడదు, ఒక వంపు దాటాక వచ్చే సిగ్నల్‌ని కాస్త అనుమానంగానే చూడాలి. తారు పూత వేసి భూమిలో పూడ్చిన పైపైతే దూరం మీద ఆశలు తగ్గించుకోండి, తరంగాన్ని ఆ పూతే మింగేస్తుంది.

ఫ్రీక్వెన్సీ సాధారణంగా 20 నుంచి 100 కిలోహెర్ట్జ్ మధ్య, మోడ్ (తరంగం కదిలే తీరు) అయితే టోర్షనల్, అంటే పైపు గోడ మెలితిరిగినట్టు కదిలేది. ఈ తరంగం ఎంత దూరం వెళ్లినా పొడుగ్గా పరుచుకుపోయి మసకబారదు, లోపలి ద్రవంలోకి పెద్దగా కారిపోదు. ఉక్కులో దీని వేగం సెకనుకు సుమారు 3,250 మీటర్లు, కాబట్టి 10 మిల్లీసెకన్లకు ఎకో వచ్చిందంటే అది దాదాపు 16 మీటర్ల అవతలిది (రానూపోనూ కలిపిన దూరం కదా, సగం చేయాలి).

ముందు వెల్డులన్నీ గుర్తుపట్టండి. వెల్డు పైపు చుట్టూ ఒకేలా ఉంటుంది, దాన్నుంచి టోర్షనల్ ఎకో మాత్రమే బలంగా వస్తుంది. తుప్పు చాలావరకు ఒక పక్కనే తింటుంది, అందుకే దానితోపాటు ఫ్లెక్సురల్ (పైపు పక్కకి వంగినట్టు కదిలే తరంగం) ఎకో కూడా లేస్తుంది. ఈ రెండూ జంటగా లేచిన చోట ఆగి చూడాలి.

రింగుని శాశ్వతంగా వదిలేసి నెలల తరబడి గమనించాలనుకుంటే అసలు పని బేస్‌లైన్ (తర్వాత పోల్చడానికి మొదట్లో తీసి దాచుకునే సిగ్నల్) దగ్గరే ఉంది. ఒక్కరోజు తీసిన సిగ్నల్‌తో సరిపెట్టుకుంటే పనికిరాదు. ఉష్ణోగ్రత మారితే వేగం మారుతుంది, ఎకోలు కొంచెం జరుగుతాయి, అప్పుడు తేడా చూద్దామని పాత సిగ్నల్‌ని కొత్తదాంట్లోంచి తీసేస్తే బాగున్న వెల్డు దగ్గర కూడా లోపం ఉన్నట్టే కనిపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. రకరకాల ఉష్ణోగ్రతల్లో బేస్‌లైన్లు దాచుకుని, ఇవాళ్టికి దగ్గరగా ఉన్నది ఎంచుకుని, మిగిలిన తేడాను సాఫ్ట్‌వేర్‌లో సాగదీసి సరిచేయండి. ఇంకోటి: తెలిసిన వెల్డుల ఎకోలన్నీ ఒకేసారి తగ్గిపోయాయంటే పైపుని తిట్టకండి, ముందు రింగులోని సెన్సర్లు పైపుకి సరిగ్గా అతుక్కుని ఉన్నాయో లేదో చూడండి.

మాటిమాటికీ మర్చిపోయే విషయం ఏంటంటే ఈ పద్ధతి చెప్పేది మందం కాదు, ఆ చోట పైపు అడ్డకోతలో సుమారు ఎంత వంతు పోయిందో మాత్రమే. మామూలు టెస్టులో 5 శాతం దాకా పోతేనే నమ్మకంగా దొరుకుతుంది, కాబట్టి సన్నగా, లోతుగా దిగిన చిల్లు తప్పించుకోవచ్చు. అనుమానం వచ్చిన చోట ఇన్సులేషన్ విప్పి, గేజ్ పెట్టి, మిగిలిన మందం కొలిచాకే రిపోర్టు రాయండి.