టియర్ లిస్ట్ మీద వాదనకు దిగే ముందు

టియర్ లిస్ట్ అంటే ఒక వీడియో గేములోని క్యారెక్టర్లను బలాన్ని బట్టి వరుసలుగా పేర్చిన జాబితా. నేను స్ట్రీట్ ఫైటర్ అనే ఫైటింగ్ గేములో జాంగీఫ్ అనే క్యారెక్టర్‌ను ఆడతాను. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. జాంగీఫ్‌కు ఎదుటివాడి దగ్గరికి వెళ్లి పట్టుకుంటేనే పని జరుగుతుంది. అందుకే దూరం నుంచి ఏదైనా విసిరే ప్రతి క్యారెక్టరూ మా కంటికి అన్యాయంగానే కనిపిస్తుంది. గైల్ అనే క్యారెక్టర్ దూరం నుంచి విసిరే సోనిక్ బూమ్ గురించి నన్ను అడిగితే, నా జవాబును ఎంతవరకు నమ్మాలో వినేవాళ్లు తేల్చుకోగలగాలి. కాబట్టి వాదనకు దిగేవాళ్లు మొట్టమొదట రెండు విషయాలు చెప్పేయాలి: ఎవరిని ఆడతారు, ఏ స్థాయిలో ఆడతారు. దాచినా ఎంతోసేపు దాగవు. ముందే చెబితే ఆ పక్షపాతాన్ని మినహాయించుకుని మిగిలింది వింటారు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఈ లోకంలో ఆ సామెత తిరగబడింది. ఎవరి క్యారెక్టర్ వాళ్లకు బలహీనంగానే కనిపిస్తుంది. లిస్టులో మొదటి మూడు స్థానాల్లో ఉన్న క్యారెక్టర్‌ను ఆడేవాళ్లు కూడా, "పైకి అలా అనిపిస్తుంది గానీ..." అనే మొదలుపెడతారు.

తర్వాత అడగవలసింది, ఆ లిస్ట్ ఎవరి కోసం అని. కొత్తగా ఆడేవాళ్ల కోసమా, టోర్నమెంట్లలో ఆడేవాళ్ల కోసమా? రెండింటికీ ఒకే లిస్ట్ సరిపోదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ తయారుచేసే రయట్ సంస్థ 2019లో తన బ్యాలెన్స్ పద్ధతిని, అంటే క్యారెక్టర్ల బలాబలాలను సరితూచే పద్ధతిని, బయటపెట్టింది. ఆటగాళ్లను సాధారణ, నైపుణ్యం ఉన్న, అత్యున్నత, ప్రొఫెషనల్ అని నాలుగు వర్గాలుగా విడగొట్టింది. వాటిలో ఏ ఒక్క వర్గంలో హద్దు దాటినా ఆ ఛాంపియన్ (ఆ గేములో క్యారెక్టర్‌ను అలా అంటారు) బలం ఎక్కువైనట్టే. బలహీనం అనాలంటే మాత్రం నాలుగింటిలోనూ వెనకబడి ఉండాలి. ఈ పద్ధతి న్యాయమైనదేనా అన్నది వేరే చర్చ. మనకు పనికొచ్చేది ఆ విభజన. "ఫలానావాడు మరీ బలం" అని ఎవరైనా అనగానే "ఏ స్థాయిలో?" అని అడగండి. సగం గొడవలు అక్కడే చల్లారతాయి. ఒకరు తమ ర్యాంకులో రోజూ ఎదురయ్యే కష్టం గురించి, మరొకరు నిన్న చూసిన ఫైనల్ గురించి మాట్లాడుతున్నారని తేలుతుంది.

లిస్ట్ దేన్ని కొలుస్తోందో కూడా చూసుకోవాలి. పోకెమాన్ గేముల్లో స్మోగన్ అనే ఆటగాళ్ల సముదాయం వాడే శ్రేణులు దీనికి మంచి ఉదాహరణ. అక్కడ ఓయూ (ఓవర్‌యూజ్డ్, అంటే ఎక్కువగా వాడేవి) అనే శ్రేణి ప్రధానంగా వాడకాన్ని బట్టి ఏర్పడుతుంది. ఎంతమంది తమ జట్టులో పెట్టుకున్నారన్నదే లెక్క. హద్దు 4.52 శాతం. చూడటానికి విచిత్రంగా ఉన్న ఈ అంకె వెనక సులభమైన తర్కం ఉంది. ఒక పోకెమాన్ అంత శాతం జట్లలో ఉంటే, 15 ఆటల్లో కనీసం ఒక్కసారి మీకు ఎదురయ్యే అవకాశం సరిగ్గా సగం. కింది శ్రేణిలో ఉన్న పోకెమాన్‌ను పట్టుకుని "ఇది చెత్త అని స్మోగనే చెప్పింది" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి. తక్కువ మంది వాడుతున్నారని మాత్రమే ఆ శ్రేణి చెబుతోంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. "ఈ క్యారెక్టర్ మరీ దారుణం" అన్న ఫిర్యాదులో నిజానికి మూడు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉంటాయి. అది ఎక్కువ గెలుస్తోందన్నది ఒకటి. గెలిచినా ఓడినా దానితో ఆడటం విసుగు అన్నది రెండోది. దాన్ని ఎదుర్కోవడానికి చాలా నేర్చుకోవాలి, దాన్ని ఆడేవాడు మాత్రం ఏమీ నేర్చుకోనక్కర్లేదు అన్నది మూడోది. మూడూ నిజమైన ఫిర్యాదులే, కానీ మందులు వేరు. విసిగించే క్యారెక్టర్ దెబ్బల తీవ్రత తగ్గిస్తే విసుగు తగ్గదు, ఆట ఇంకాస్త సాగుతుంది. 2018లో ఇవో అనే పెద్ద ఫైటింగ్ గేముల టోర్నమెంట్‌లో వీ యూ స్మాష్ బ్రదర్స్ ఫైనల్ రెండు బయొనెట్టాల మధ్య (ఇద్దరూ ఎంచుకున్నది ఆ క్యారెక్టర్‌నే) జరిగితే, హాల్లో జనం గోలచేసి నిరసన తెలిపారు. ఆ గోలలో బయొనెట్టా బలం మీద కోపం ఎంత, చూసిందే చూడాల్సి వచ్చిందన్న విసుగు ఎంత? వాదించేటప్పుడు దీన్ని విడదీయాలి. నేను అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: "గెలుస్తోందా, విసిగిస్తోందా?" రెండోదే అని ఒప్పుకుంటే గెలుపు శాతాలు పక్కన పెట్టి హాయిగా మాట్లాడుకోవచ్చు.

మొదటిదే అంటే పరీక్ష పెట్టాలి. తరచుగా వినిపించే మాట ఒకటి తీసుకుందాం: "ఆ దెబ్బను చూసి ఆపడం మనిషి వల్ల కాదు." ఫైటింగ్ గేములు సాధారణంగా సెకనుకు 60 ఫ్రేములతో, అంటే 60 చిత్రాలతో, నడుస్తాయి. ఒక్క ఫ్రేము అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. కంటికి కనిపించినదానికి చేయి స్పందించడానికి మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేములు పడుతుంది. అదీ ఒకే ఒక్క దాని కోసం కాచుకుని ఉన్నప్పుడు. వచ్చేది ఏమిటో గుర్తించి తగిన జవాబు ఎంచుకోవాలంటే ఇంకాస్త పడుతుంది. స్క్రీను ఆలస్యం, కంట్రోలర్ ఆలస్యం అదనం. కాబట్టి 10 ఫ్రేముల్లో తగిలే జాబ్‌ను (వేగమైన చిన్న గుద్దును) చూసి ఆపేవాడు ఎవడూ లేడు, ముందే ఊహించి గార్డ్‌లో (దెబ్బను అడ్డుకునే భంగిమలో) ఉండాల్సిందే. 30 ఫ్రేములు పట్టే దెబ్బను ఆపలేకపోతే లోపం దెబ్బది కాదు. అసలు తగువంతా 18 నుంచి 25 ఫ్రేముల మధ్య ఉన్న దెబ్బల దగ్గర వస్తుంది.

అక్కడ మాటలు ఆపి గేములో సాధన కోసం ఉండే ట్రైనింగ్ మోడ్ తెరవండి. చాలామంది చేసే పరీక్షతో ఏమీ తేలదు. అందులో ప్రత్యర్థిగా నిలబడే బొమ్మ చేత ఆ దెబ్బ ఒక్కటే కొట్టించి, ఆపి, "చూశావా, ఆపాను" అంటారు. ఏది వస్తుందో ముందే తెలిసినప్పుడు ఆపడంలో గొప్పేముంది? సరైన పద్ధతి ఇది. బొమ్మ చేయాల్సినవి నాలుగు రికార్డ్ చేయండి. మొదటి దానికి నిలబడి ఆపాల్సిన ఓవర్‌హెడ్‌ను (పై నుంచి పడే దెబ్బను) పెట్టండి. రెండో దానికి కూర్చుని ఆపాల్సిన కాలి దెబ్బను పెట్టండి. మూడో దానిలో దగ్గరికి వచ్చి పట్టుకోవడాన్ని, నాలుగో దానిలో ముందుకు నడిచి ఊరికే ఆగిపోవడాన్ని పెట్టండి. ఈ నాలుగో దాన్ని అందరూ వదిలేస్తారు, నిజమైన ఆటలో ఎదుటివాడు ఎక్కువసార్లు చేసేది మాత్రం అదే. వీటిని ఏ వరుసా లేకుండా ఆడించి, ఓవర్‌హెడ్ వచ్చిన 50 సార్లలో ఎన్నిసార్లు ఆపారో రాసుకోండి. 40 ఆపితే అది చూసి ఆపగల దెబ్బే. 15 దగ్గర ఆగితే ఫిర్యాదులో పస ఉంది. ఈ అంకెతో వాదనకు వచ్చినవాడిని "నీకు ఆడటం రాదు" అని తోసిపుచ్చడం ఎవరికైనా కష్టం.

ఆపిన తర్వాత శిక్షించగలరా, అంటే వెంటనే తిరిగి కొట్టగలరా అన్నది తదుపరి ప్రశ్న. ఆ దెబ్బను గార్డ్ చేస్తే ఎదుటివాడు 12 ఫ్రేములు వెనకబడతాడని, మీ దగ్గర 10 ఫ్రేముల్లో తగిలే దెబ్బ ఉందని అనుకోండి. కాగితం మీద శిక్ష ఖాయం. కానీ గార్డ్ చేసినప్పుడు ఇద్దరి మధ్యా దూరం పెరుగుతుంది, మీ 10 ఫ్రేముల దెబ్బ అంతదూరం అందకపోవచ్చు. "ఫ్రేము డేటా (ఏ దెబ్బకు ఎన్ని ఫ్రేములో చెప్పే పట్టిక) చూసుకో" అని గదమాయించేవాళ్లు ఈ దూరం సంగతి ఎత్తరు. మీ క్యారెక్టర్‌తో, దెబ్బ చివరి అంచు తగిలే దూరం నుంచి చేసి చూడండి. ఫలితం క్యారెక్టర్‌ను బట్టి మారుతుంది. ఒక్క దెబ్బ గురించిన వాదన ఎన్నో మ్యాచప్‌ల (ఏ క్యారెక్టర్ మీద ఏ క్యారెక్టర్ అన్న జోడీల) వాదనగా విడిపోయేది ఇక్కడే.

గెలుపు శాతాల విషయానికి వస్తే, 100 ఆటల్లో 56 గెలుపులు చూపించి "ఇదిగో రుజువు" అనేవాళ్లను నమ్మకండి. అంత చిన్న లెక్కలో కేవలం అదృష్టం వల్ల పది శాతం అటూఇటూ కావచ్చు. అసలు బలం 46 దగ్గరున్నా, 66 దగ్గరున్నా ఆ ఫలితం రావచ్చు. 1000 ఆటలైతే ఆ తేడా మూడు శాతానికి దిగుతుంది. ఎవరు ఆడుతున్నారన్నది కూడా చూడాలి. డోటా 2 అనే గేములో మీపో లాంటి హీరోను (అక్కడ క్యారెక్టర్‌ను అలా అంటారు), ఒకేసారి ఎన్నో శరీరాలను నడపాల్సి ఉంటుంది గనుక, సాధన చేయనివాళ్లు ముట్టుకోరు. అలాంటి హీరో గెలుపు శాతంలో ఆడేవాళ్ల కష్టం కూడా కలిసి ఉంటుంది. అందరూ ఎంచుకునే క్యారెక్టర్‌ది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మిగతావాళ్ల మీద 55 శాతం గెలిచే క్యారెక్టర్ 30 శాతం ఆటల్లో తనతో తానే తలపడితే, ఆ ఆటలన్నీ 50 దగ్గరే తేలి మొత్తం శాతం 53.5కు పడిపోతుంది. బలం తగ్గలేదు, లెక్కలో కనిపించకుండా పోయింది.

మ్యాచప్ చార్టులోనూ ఇలాంటి బురిడీ ఒకటి ఉంది. ఒక గేములో మీ క్యారెక్టర్‌కు 20 మంది ప్రత్యర్థులు ఉన్నారనుకుందాం. 17 మంది మీద పదికి ఆరు గెలుస్తుంది, ముగ్గురి మీద పదికి నాలుగే. సగటు తీస్తే 57 శాతం, లిస్టులో పై వరుస. అయితే ఆ ముగ్గురే టోర్నమెంట్లలో 60 శాతం సార్లు ఎదురైతే, నిజంగా మీ చేతికి వచ్చేది 48 శాతం. చార్టూ సరైనదే, టోర్నమెంటులో ఓడిన మీ అనుభవమూ సరైనదే. ఎవరెంత తరచుగా ఎదురవుతారన్నది చార్టులో లేదు, అంతే.

టోర్నమెంట్ ఫలితాలను సాక్ష్యంగా తెచ్చేటప్పుడు అవి దేనికి సాక్ష్యమో చూసుకోండి. టెక్కెన్ 7 అనే ఫైటింగ్ గేములోకి 2019 డిసెంబరులో లీరాయ్ అనే క్యారెక్టర్ వచ్చాడు. మరుసటి నెల ఇవో జపాన్‌లో చివరి 8 మందిలో 6 మంది అతన్నే వాడారు. దీని మీద పెద్దగా చర్చ అక్కర్లేదు, తర్వాత అతని బలం తగ్గించారు కూడా. ఒక్క మనిషి గెలిచినప్పుడే చిక్కు. 2001లో వచ్చిన స్మాష్ బ్రదర్స్ మెలీ బలాబలాలను సరిదిద్దే ప్యాచ్‌లు (అప్‌డేట్లు) లేకుండానే నేటికీ నడుస్తోంది. ఏళ్లతరబడి మధ్య వరుసల్లో పడి ఉన్న యోషీ అనే క్యారెక్టర్‌తో జపాన్ ఆటగాడు ఆంసా 2022లో ద బిగ్ హౌస్ 10 గెలిచాడు. యోషీ అలాగే ఉన్నాడు, మనకు తెలిసింది పెరిగింది. ఒక్కడి విజయం ఆ క్యారెక్టర్ ఎంత ఎత్తుకు వెళ్లగలదో చూపిస్తుంది. మిగతావాళ్లు అక్కడికి చేరడం ఎంత సులువో చూపించదు. "ఆంసా గెలిచాడు కదా, ఇంక ఏడుపెందుకు?" అన్నది నాకు బొత్తిగా నచ్చని వాదన.

నెర్ఫ్ (క్యారెక్టర్ బలం తగ్గింపు) కావాలని అడిగేటప్పుడు "కాస్త తగ్గించాలి" అంటే సరిపోదు. ఏ దెబ్బ, అందులో ఏ భాగం అన్నది చెప్పాలి. అది మొదలవడానికి పట్టే సమయమా, గార్డ్ చేసినప్పుడు ఉన్న భద్రతా, తగిలే దూరమా, తీసే ప్రాణమా? అది మార్చాక ఆ క్యారెక్టర్ దగ్గర ఏం మిగులుతుందో కూడా మీరే చెప్పాలి. గైల్ సోనిక్ బూమ్ వేగం తగ్గించమని నేను అడగగలను. కానీ దాని వెనకే నడుచుకుంటూ రావడం గైల్‌కు ప్రాణం. వేగం తగ్గితే అతను ఇంకా హాయిగా దాని వెనక నడుస్తాడు, నా కష్టం పెరుగుతుంది. ఏది మార్చమని అడిగినా, ఆ మార్పును ఎదుటివాడు ఎలా వాడుకుంటాడో ఒకసారి ఊహించుకోవాలి.

నిషేధం గురించి మాట్లాడటానికి చాలా దూరం వెళ్లాలి. సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో అకుమా అనే క్యారెక్టర్‌ను టోర్నమెంట్ల నుంచి తీసేయడం మీద పెద్ద వివాదం లేకపోవడానికి కారణం, గాల్లోంచి అతను కురిపించే నిప్పుబంతులకు చాలామంది దగ్గర జవాబే లేకపోవడం. అతను ఉంటే మిగతావాళ్లను ఎంచుకోవడంలో అర్థం ఉండదు. ఎవరినైనా నిషేధించాలని అడిగేవాళ్లు తమ కేసు ఆ స్థాయిలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 గేములో 56 మంది క్యారెక్టర్లు ఉన్నా, పెద్ద పోటీల్లో మాగ్నీటో, స్టార్మ్, సెంటినల్, కేబుల్ అనే నలుగురే పదేపదే కనిపించారు. అయినా ఎవరినీ తీసేయకుండానే జనం ఆ గేమును ఏళ్లతరబడి ప్రేమగా ఆడారు. బ్యాలెన్స్ లేకపోవడం, ఆట బాగోలేకపోవడం రెండూ ఒకటి కావని ఆ గేము ఆడినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

మీరే లిస్ట్ తయారుచేస్తుంటే వరుసలు నాలుగైదు మించనీయకండి. ఒకే వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నిజంగా తెలిస్తేనే పెట్టండి, లేకపోతే అక్షర క్రమంలో పెట్టి ఆ మాట రాసేయండి. ఆరో స్థానమా, ఏడో స్థానమా అన్న తగువులో నేను వేలు పెట్టను. కొత్త ప్యాచ్ వచ్చిన రోజే లిస్ట్ పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎవరూ ఇంకా ఆడనే లేదు కదా! తేదీ, ప్యాచ్ సంఖ్య పైన రాయడం మాత్రం మరవకండి. ఏడాది కిందటి లిస్ట్ తెచ్చి మీ మొహాన పెట్టేవాడు ఒకడు తప్పకుండా వస్తాడు.

ఇంత చేసినా తేలకపోతే, క్యారెక్టర్లు మార్చుకుని పది గెలుపుల వరకు ఆడండి. గైల్ సులభం అంటున్నది నేనే గనుక గైల్‌ను నేను పట్టుకోవాలి, గైల్ ఆడేవాడు జాంగీఫ్‌ను పట్టుకోవాలి. రీప్లేలు (ఆటల రికార్డింగ్‌లు) దాచుకోండి. ఎక్కడ ఇబ్బంది పడ్డారో, ఏ సెకను దగ్గరో ఇద్దరూ రాసుకుని, ఆ తర్వాతే మళ్లీ మాట్లాడుకోండి.