మణికట్టు స్కాన్‌లో దాగిన ధమనిని పట్టుకోవడం ఎలా?

రాత్రిపూట బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గుతోందంటే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, అంటే మణికట్టులో నరం నలిగే జబ్బు, కావచ్చు. మణికట్టులోని ఇరుకు సొరంగంలో తొమ్మిది టెండన్లు (కండరాల్ని ఎముకలకు కట్టే తాళ్లు), మీడియన్ నరం సర్దుకుని ఉంటాయి. కొందరిలో వాటి మధ్యకి ఒక ధమని కూడా దూరుతుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ముంజేతికి రక్తం అందించే మీడియన్ ఆర్టరీ అది. సుమారు ఎనిమిదో వారం నుంచి చిక్కిపోవాల్సింది, కొందరిలో అరచేతి దాకా అలాగే మిగిలిపోతుంది.

దాన్ని అల్ట్రాసౌండ్ స్కాన్‌లో పట్టుకోవడానికి కావాల్సినవి: హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ (చర్మానికి ఆనించి చూసే పరికరం), జెల్, మణికట్టు కింద మడత పెట్టిన టవల్. దిండు వద్దు, చెయ్యి కదులుతుంది.

అరచెయ్యి పైకి పెట్టించి, మణికట్టు ముడత మీద ప్రోబ్ అడ్డంగా ఆనించండి. చిటికెన వేలి వైపు బఠాణీ గింజంత ఎముక తగులుతుంది, అదే గుర్తు. తెర మీద తేనెపట్టులా కనిపించేది నరం. ప్రోబ్ కొంచెం వంచితే టెండన్లు నల్లబడతాయి, నరం అంతగా మారదు. ఇక్కడ నరం అడ్డుకోత వైశాల్యం 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే కార్పల్ టన్నెల్ అని అనుమానించాలి. నరం రెండు పాయలుగా చీలి ఉంటే రెండూ కలిపి కొలవండి. ధమని తరచూ ఆ పాయల మధ్యే నక్కి ఉంటుంది.

అందరూ చెడగొట్టేది ఆ తర్వాతి పనే. నొక్కకండి! ప్రోబ్ బరువు కూడా చేతి మీద పడకూడదు. నేనైతే జెల్ గుట్టలా పోసి, చిటికెన వేలు రోగి చేతికి ఆనించి, ప్రోబ్‌ను జెల్ మీద తేలుస్తాను. కాస్త నొక్కినా సన్నటి నాళం అణిగిపోతుంది, రిపోర్టు 'నార్మల్' అని వెళ్లిపోతుంది. ఒక టైలరమ్మ అలాంటి నార్మల్ రిపోర్టులు రెండు తెచ్చింది. జెల్ దండిగా పోసి చూస్తే నరం పక్కనే చుక్క టపటపా కొట్టుకుంటోంది.

ఇప్పుడు రక్తం పారడాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ ఆన్ చేయండి, స్పీడ్ స్కేల్ బాగా తగ్గించండి. ప్రోబ్ నిట్టనిలువుగా ఉంటే రక్తం పారుతున్నా రంగు రాదు. మోచేతి వైపో వేళ్ల వైపో వంచాలి. రంగు రాలేదని ధమని లేదనుకోవద్దు. అందులో గడ్డ కట్టి ఉండొచ్చు, ఉన్నట్టుండి నొప్పి మొదలైనవాళ్లలో ముందు అదే చూడాలి. అప్పుడు మాత్రం మెల్లగా నొక్కి చూడండి. మంచి నాళం అణుగుతుంది, గడ్డ కట్టింది అణగదు. చివరికి ప్రోబ్‌ను చెయ్యి పొడవునా ఉండేలా తిప్పి ముంజేతిలోకి వెంబడించండి. గొట్టంలా సాగితే నాళమే.

నరాల కరెంటు పరీక్ష చాలదా అంటారు. నరం ఎంత మందగించిందో అది చెబుతుంది, పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పదు. అలాగని ధమని కనపడగానే దోషి దొరికాడనుకోకండి. అది ఉండి కూడా ఏ బాధా లేనివాళ్లు బోలెడుమంది.

ఏ చెయ్యి, ధమని మందం ఎంత, నరానికి ఏ పక్కన ఉంది, రక్తం పారుతోందా, ఇవన్నీ రిపోర్టు మొదటి లైన్లోనే రాయండి. ఆపరేషన్లో అది తెగితే చెయ్యంతా రక్తమే. అందుకే నేను రిపోర్టు ఇచ్చాక సర్జన్‌కి ఫోన్ కూడా చేస్తాను.