కష్టంలో ఉన్న ఇంటికి పాట తీసకపోయేటప్పుడు

తుఫాను పోయాక కొత్తపట్నం, రామాయపట్నం వైపు వలలు పడవలు పోయిన ఇళ్లకి ప్రార్థనకి పోతుంటాం కదా, అప్పుడు డోలక్, కీబోర్డు, బాక్సు స్పీకరు ఏమీ వద్దండి. ఇంట్లో పెద్దామెకి నోటికొచ్చిన పాత కీర్తన ఏదో అడిగి, ఆమెనే పల్లవి ఎత్తుకోమని మనం మెల్లగా వంత పాడితే చాలు, శ్రుతి తప్పినా పర్లేదు, ఆమె ఏడిస్తే ఆపి కూర్చోవాలి అంతే. హుషారు పాటలు అప్పుడే వద్దు, నాకైతే అది మొరటుగా అనిపిస్తది. బైబిల్లో 13వ కీర్తన చదవండి, ఆరే వచనాలు, "ఎంతకాలం ప్రభువా" అనే మొరతో మొదలై పాటతో ముగుస్తది, మధ్యలో ఏడుపుకి కూడా చోటుంది.

పాట అయ్యాక వెంటనే లేచి రావద్దు, బియ్యం ఉన్నాయా, బీపీ మాత్రలు ఉన్నాయా అని అడగండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషన్ నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొర ప్రార్థనతో ఆగలా, బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నోళ్లకి కూలి పని ఇప్పించాడు. పక్కింటోళ్లు మన మతం కాకపోయినా వాళ్లనీ అడగండి, నీళ్లు అందరిళ్లలోకీ వచ్చినాయిగా. కరెంటు ఉండదు కాబట్టి ఫోన్లో పాటలు నమ్ముకోకుండా రెండు మూడు చరణాలు నోటికి నేర్చుకుని పోండి.