బంతి నారు ఎప్పుడు నాటాలి, తల ఎప్పుడు తుంచాలి: సమస్య - పరిష్కారం

దసరా పూల కోసం బంతి పెట్టే రోజుల్లో మా అనంతపురం పక్క రైతులు ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. నారు తెచ్చినప్పుడు "అన్నా, నాటొచ్చా?" అని ఒకటి, నాటిన నెలకు "తలలు తుంచాలా, వద్దా?" అని ఇంకొకటి. తల తుంచడమంటే మొక్క కొన చిగురు గిల్లేయడం. రెండింటికీ రోజుల లెక్క ఉంది, చెబుతాను. కానీ ఆ లెక్కను నమ్ముకుని మొక్కను చూడకపోతే దెబ్బ తింటారు. నాటే ముందు వేరు చూడాలి, తుంచే ముందు కొత్త చిగురు చూడాలి. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావరకు ఈ రెండూ చూడకపోవడం వల్ల వచ్చేవే.

నాటిన మరుసటి రోజే మొక్కలు వాలిపోయాయి

ముందు ఒక పని చేయండి. మధ్యాహ్నం చూసి భయపడకుండా, మరుసటి రోజు తెల్లవారుజామున వెళ్లి చూడండి. తల ఎత్తి ఉంటే అది ఎండకు వాలడమే, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. అప్పుడు అదనంగా నీళ్లు పెడితే లేని రోగం తెచ్చుకున్నట్టే. పొద్దున కూడా వాలే ఉంటే ఒక మొక్కను మెల్లగా పెకిలించి వేరు చూడండి.

నారు పెంచిన కొబ్బరి పొట్టు రాలిపోయి వేర్లు విడిగా వేలాడుతుంటే నారు లేతగా ఉన్నప్పుడే నాటారని అర్థం. ప్రోట్రేలో, అంటే చిన్న గుంతలున్న ప్లాస్టిక్ ట్రేలో పెంచిన బంతి నారు మామూలుగా 20 - 25 రోజులకు, మడిలో పోసిన నారు 25 - 30 రోజులకు నాటడానికి వస్తుంది. నాలుగైదు అసలు ఆకులు ఉండాలి. అంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంకొకటి ఉంది. ట్రేలో తడి ఉన్నప్పుడు ఒక మొక్కను మొదలు దగ్గర పట్టుకుని పైకి తీయండి. పొట్టు ముద్ద చెదరకుండా, చుట్టూ తెల్లటి వేర్లతో గుండుగా బయటికొస్తే నాటొచ్చు. ముద్ద విడిపోతే మళ్లీ అదే గుంతలో పెట్టి నాలుగైదు రోజులు ఆగండి.

వేరు బాగానే ఉన్నా వాలిపోతే, నారు నీడ నుంచి నేరుగా ఎండలోకి వచ్చిందన్నమాట. షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కకు మన ఎండ, ఆషాఢం గాలి రెండూ కొత్తే. నారు తెచ్చిన రోజే నాటేయకండి. మూడు నాలుగు రోజులు ట్రేలను ఆరుబయట, మొదట పొద్దుటి ఎండలో, తర్వాత రోజంతా ఉంచండి. నీళ్లు కాస్త తగ్గించండి, ఎండబెట్టేయకండి. నాటడానికి సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టాలి. అంతకుముందే డ్రిప్ వదిలి సాలు తడిపి ఉంచాలి. కూలీలు పొద్దున తప్ప రామంటే, తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపేయండి.

మొదలు నల్లబడి మొక్క పడిపోతోంది

ఇది కుళ్లు. లోతుగా నాటి కాండం చుట్టూ మట్టి ఎగదోయడం, నీరు నిలవడం దీనికి దారి తీస్తాయి. కర్నూలు వైపు నల్లరేగడిలో ఇది ఎక్కువ బాధిస్తుంది, అక్కడ ఎత్తు బోదెల మీదే నాటాలి. ట్రేలో ఎంత లోతు ఉందో పొలంలోనూ అంతే. పడిపోయిన మొక్కలు తీసేసి, పక్క మొక్కల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి పోయండి.

జానెడు ఎత్తు కూడా లేదు, అప్పుడే మొగ్గ వేసింది

ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఒక ఏడాది వానలు ఆలస్యమై, ఒక నర్సరీలో మిగిలిపోయిన నారు తక్కువ ధరకు ఇస్తామంటే తెచ్చాను. కింది ఆకులు పసుపు పచ్చగా ఉన్నా పట్టించుకోలేదు. నాటాక అన్నీ బతికాయి, ఒక్కటీ ఎదగలేదు. పెకిలించి చూస్తే వేర్లు ట్రే గుంత ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, బయటి మట్టిలోకి రానేలేదు. ముదిరిన నారు ఇరుకులో ఉండి తొందరగా పూతకు వస్తుంది. దానికి తోడు పెద్ద బంతికి పగటి పొద్దు తగ్గే కొద్దీ పూత తొందర ఎక్కువవుతుంది.

ఇంకా నాటకపోతే, ముద్ద చుట్టూ ఉన్న వేర్లను వేళ్లతో కొంచెం వదులు చేసి నాటండి. నాటేసి ఉంటే కనిపించిన మొగ్గను వెంటనే గిల్లేయండి. ఆ మొక్కకు తల తుంచడం అదే, ఇక మళ్లీ తుంచక్కర్లేదు. లీటరు నీటికి 5 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే) ఎరువు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేస్తే కోలుకోవడానికి సాయపడుతుంది. మామూలు మొక్కంత కాపు మాత్రం ఆశించవద్దు. నలభై రోజులు దాటిన నారు ఉచితంగా ఇచ్చినా తేకండి.

ఒకటే కాండం పొడుగ్గా పెరిగింది, పక్క కొమ్మలు లేవు

కొన చిగురు ఉన్నంతకాలం అది పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొనలో తయారై కిందికి దిగే ఆక్సిన్ అనే పదార్థం చేసే పని అది. కొన తీసేస్తే ఆకుల పంగల్లో నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. మన పక్క కంది రైతులు తలలు తుంచేదీ ఇందుకే.

పెద్ద బంతికి నాటిన 25 - 30 రోజులకు తుంచుతారు. ఆ రోజుకు మొక్క కుదురుకుని, నాటాక వచ్చిన కొత్త ఆకులు కనీసం మూడు నాలుగు జతలు ఉండాలి. లేకపోతే ఇంకో వారం ఆగండి. పైన అంగుళం మేర లేత కొనను, ఆకు జతకు కొంచెం పైన, గోటితో గిల్లితే టక్కున తెగాలి. నారలాగా సాగితే ముదురు భాగం పట్టుకున్నారన్నమాట, కాస్త పైకి జరగండి. పొట్టిగా గుబురుగా పెరిగే చిన్న బంతికి ఈ పని అక్కర్లేదు.

తల తుంచాక మొక్క అలాగే నిలబడిపోయింది

నాటిన వారానికే తుంచేసి "పని అయిపోయింది" అనుకునేవాళ్లను చూస్తుంటాను. వేరు తెగిన గాయం మానకముందే తల మీద ఇంకో గాయం చేస్తే మొక్క దేన్ని నిలబెట్టుకోవాలి? దీనికి మందు లేదు, ఓపికే. తడి ఆరకుండా చూసుకోండి. గాభరాపడి యూరియా గుమ్మరించకండి.

సరైన సమయంలో తుంచినా రెండు వారాలకు పక్క చిగుళ్లు రాకపోతే ఆకు తిప్పి చూడండి. సాలెగూడులాంటి సన్నటి గూడు, ఎర్రటి చుక్కల్లా కదిలేవి కనిపిస్తే అది ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే చిన్న జీవి. వాన వెనక్కి పట్టినప్పుడు ఇది ఒక్కసారిగా పెరుగుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకులు మాడతాయి.

ఆలస్యంగా నాటాను, తుంచితే దసరా దాటిపోతుందేమో

దాటొచ్చు. బంతి నాటిన సుమారు రెండు నెలలకు పూతకు వస్తుంది, తల తుంచితే పది రోజులో, ఇంకొంచెం ఎక్కువో వెనక్కి పోతుంది. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి. డెబ్బై అయిదు రోజులు చేతిలో ఉంటే ధైర్యంగా తుంచండి. అంత లేకపోతే నేను చేసేది ఇది: సాలు విడిచి సాలు తుంచుతాను. తుంచని సాళ్లు దసరాకు ముందు పూలిస్తాయి, తుంచినవి గుబురు కట్టి దీపావళికి అందుకుంటాయి. కోతకు కూలీలు కూడా ఒక్కసారే ఎక్కువమంది అవసరం పడరు.