గోదావరి మైదానాల్లో బేస్‌బాల్ అంపైరింగ్: స్లైడ్, ఇంటర్‌ఫియరెన్స్ జాగ్రత్తలు

వానలు తగ్గి అమలాపురం, భీమవరం వైపు పాఠశాలల పోటీలు మొదలయ్యే ముందు అంపైర్లు స్లైడ్ (బేస్‌ల మధ్య పరుగెత్తే ఆటగాడు, అంటే రన్నర్, నేలపై జారుతూ బేస్ చేరడం), ఇంటర్‌ఫియరెన్స్ (ఫీల్డర్ ఆటకు రన్నర్ అడ్డుపడటం) గురించి ఈ కింది విషయాలను సరిచూసుకోవాలి.

• డబుల్ ప్లేను (ఒకే ఆటలో ఇద్దరిని ఔట్ చేయడాన్ని) చెడగొట్టడానికి రన్నర్ తన దారి వదిలి రెండో బేస్ దగ్గరి ఫీల్డర్‌ను ఢీకొంటే, ఆ రన్నర్‌తో పాటు బ్యాటర్-రన్నర్‌ను (బంతిని కొట్టి మొదటి బేస్ వైపు పరుగెడుతున్న బ్యాటర్‌ను) కూడా ఔట్‌గా ప్రకటించాలి. లేకుంటే తప్పు చేసిన జట్టుకే లాభం మిగులుతుంది.

• అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం రన్నర్ బేస్‌కు ముందే నేలను తాకాలి, చేతితో గానీ కాలితో గానీ బేస్‌ను అందుకోవడానికీ, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటి చివరి బేస్) దగ్గర తప్ప, దానిపై నిలవడానికీ ప్రయత్నించాలి. మన ఒండ్రునేల తడిగా ఉంటే కాలు జారి బేస్ దాటిపోవడం మామూలే కాబట్టి, నిలవాలన్న ప్రయత్నం కనిపించినప్పుడు దాన్ని ఇంటర్‌ఫియరెన్స్ అనకూడదు. బేస్ వదిలిన అతన్ని ఫీల్డర్ బంతితో తాకితే (ట్యాగ్ చేస్తే) ఔటవుతాడు, అది వేరే సంగతి.

• కొట్టిన బంతిని అందుకుంటున్న ఫీల్డర్‌కు రన్నర్ అడ్డుపడితే ఉద్దేశంతో పనిలేదు. విసిరిన బంతి విషయంలో మాత్రం కావాలని అడ్డుకున్నాడా అన్నదే ప్రశ్న. ప్రేక్షకుల కేకలు ఎక్కువగా వినిపించేది ఇక్కడే.

• అమెరికా హైస్కూల్ నియమావళి స్లైడ్ విషయంలో మరింత కఠినం కనుక, ఏ పుస్తకం వర్తిస్తుందో కోచ్‌లిద్దరి ముందూ టాస్‌కు ముందే తేల్చుకోవాలి.