స్క్రీన్ మీది రంగే ప్రింటులోనూ రావాలంటే

తిరుపతిలో ముహూర్తాల సీజనొస్తే ఫోటో ల్యాబుల్లో ఒకటే గొడవ, స్క్రీన్ మీద మెరిసిన అరక్కు రంగు (ముదురు ఎరుపు) పట్టుచీర ఆల్బంలో నల్లగా దిగిపోయిందని. ప్రింటర్‌ను తిట్టకండి, చాలాసార్లు మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్లులో ఉంటుంది. ముందు అది తగ్గించండి. పక్కన తెల్ల కాగితం పెట్టి చూస్తే స్క్రీన్‌లోని తెలుపు దానికంటే వెలిగిపోతూ ఉండకూడదు. స్క్రీన్ రంగులను కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ దొరికితే తెలుపును 6500 కెల్విన్, వెలుగును 100 క్యాండెలాల దగ్గర సెట్ చేసుకోండి. స్క్రీన్ను పసుపుగా మార్చే నైట్ మోడ్ ఆపేయండి.

ల్యాబువాళ్లను రెండే అడగండి: పేపర్ ఐసీసీ ప్రొఫైల్ (ఆ పేపర్ మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ఇస్తారా, ఆటో కరెక్షన్ (మెషీన్ తనంతట తానే రంగులు మార్చడం) ఆపుతారా. ప్రొఫైల్ ఇస్తే ఫోటోషాప్ ప్రూఫ్ సెటప్‌లో దాన్ని ఎంచుకుని కంట్రోల్ వై నొక్కండి, అరక్కు ఎంత చప్పబడుతుందో అక్కడే తెలిసిపోతుంది. ఇవ్వకపోతే మామూలుగా అందరూ వాడే రంగుల పద్ధతి అయిన ఎస్‌ఆర్‌జీబీలో సేవ్ చేసి పంపడమే మేలు, ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీ ఫైలు చాలాచోట్ల వెలిసిపోయినట్టు వస్తుంది.

ఆల్బం మొత్తం ఇచ్చే ముందు చీర, పసుపుతాడు, ముఖం మూడూ ఉన్న ఫోటో ఒకటి అదే పేపర్ మీద 4×6 సైజులో వేయించండి. షాపు ట్యూబ్‌లైటు కింద చూసి ఓకే అనేయకుండా బయట నీడపట్టున చూడండి. ముఖం బాగుంటే చీరలో కాస్త తేడాను నేనైతే పట్టించుకోను. మ్యాట్ పేపరైతే మాత్రం నలుపు ఇంకా తేలిపోతుంది, కాంట్రాస్ట్ కొంచెం పెంచి పంపండి.