‘ఓటీపీ మీరే చెప్పారు’ అని బ్యాంకు చేతులెత్తేస్తే

సైబర్ మోసంలో డబ్బు పోయిందని ఫిర్యాదు చేస్తే బ్యాంకు ఇచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘లావాదేవీ సరైన ఓటీపీతో జరిగింది, బ్యాంకుకు బాధ్యత లేదు.’ విశాఖ గాజువాక బ్రాంచిలో నోటితో చెప్పినా, హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చినా మాట మారదు. చాలామంది అక్కడితో ఊరుకుంటారు. ఊరుకోవాల్సిన పని లేదు. కొట్టిన ఓటీపీ సరైనదే కావచ్చు; దాన్ని ఖాతాదారే ఇచ్చాడా అన్నది వేరే సంగతి. ఖాతాదారు బాధ్యతను నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుందని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న స్పష్టంగా చెప్పింది. మీ వాదన మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబెట్టండి.

ముందు మీ కేసు ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా మొత్తం వెనక్కి రావాలి. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగింది అనుకుంటే, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన 3 పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీ నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాలో మీరు భరించేది ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా రూ.10,000, జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతాకు రూ.5,000, రూ.5 లక్షలకు మించిన లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు రూ.25,000. 7 పనిదినాలు దాటితే బ్యాంకు బోర్డు ఆమోదించిన పాలసీ ప్రకారం నడుస్తుంది. ఆ పాలసీ బ్యాంకు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ప్రింటు తీసి పెట్టుకోండి.

పిన్ను, ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేంతవరకు పోయింది మీరే భరించాలి. చెప్పిన నిమిషం తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుది. జనం మరిచిపోయేది ఈ రెండో సగాన్నే. ఉదాహరణకు 11.40కి రూ.40,000, 11.52కి కస్టమర్‌కేర్‌కు ఫోను, 12.05కి మరో రూ.90,000 పోయాయనుకోండి. ఆ రూ.90,000 మీద బ్యాంకుకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

పనిదినాలు లెక్కపెట్టేటప్పుడు సమాచారం అందిన రోజును కలపరు. రెండో శనివారానికి ముందు శుక్రవారం ఎస్ఎంఎస్ వచ్చిందనుకుందాం. శనివారం, ఆదివారం సెలవు, సోమవారం ఒకటో రోజు, బుధవారం మూడోది. బ్యాంకు క్యాలెండర్ రోజులు లెక్కేసి ‘ఆలస్యమైంది’ అంటే ఈ లెక్క కాగితం మీద రాసి చూపండి.

ఇక్కడే ఒక పొరపాటు చాలా కేసుల్ని దెబ్బ తీస్తుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసి, బ్యాంకుకు చెప్పినట్టే అనుకుంటారు. 1930 పోలీసు వ్యవస్థ. డబ్బు ముందుకు కదలకుండా ఆపడానికి అది అవసరమే, మొదటి గంటలోనే చేయాలి. కానీ బ్యాంకుకు విడిగా, నేరుగా చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఫోన్ చేస్తే కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీయండి, వెంటనే అదే విషయం మెయిల్‌లో కూడా పంపండి. బ్రాంచికి వెళ్తే రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద తేదీ, సమయంతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయనంటే అక్కడ వాదన పెట్టుకోకండి, అదే రోజు స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి.

పోలీసు ఫిర్యాదులో ఏం రాస్తున్నారో సంతకం పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు చదవండి. సిటీ సైబర్‌క్రైమ్ స్టేషన్‌లో అయినా, మీ ఏరియా స్టేషన్‌లో అయినా, హడావుడిలో ‘ఓటీపీ చెప్పగా డబ్బు పోయింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేసే ప్రమాదం ఉంది. బ్యాంకు రేపు ఆ వాక్యాన్నే పట్టుకుంటుంది. జరిగింది జరిగినట్టే రాయించండి. వాట్సాప్‌లో ‘ఆర్టీవో చలాన్’ పేరుతో వచ్చిన ఏపీకే ఫైల్ నొక్కితే, ఆ యాప్ మీ ఎస్ఎంఎస్‌లను దొంగకు దారి మళ్లించిందంటే, మీరు ఎవరికీ ఓటీపీ చెప్పనట్టే. దొంగ మీ నంబరు మీద వేరే సిమ్ తీసుకుని ఉంటే మీ ఫోన్‌లో నెట్‌వర్క్ ఎన్ని గంటలకు పోయిందో రాయండి. ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసి ఉంటే అసలు ఓటీపీ ప్రసక్తే ఉండదు. నిజంగానే చెప్పి ఉంటే మాత్రం దాచకండి. కాల్ రికార్డుల్లో బయటపడితే మిగతా వాదన కూడా ఎవరూ నమ్మరు.

బ్యాంకు తిరస్కరణకు జవాబుగా రాసే లేఖలో కోపం అక్కర్లేదు, ప్రశ్నలు కావాలి. ఇలా రాయవచ్చు:

‘ఫలానా తేదీన జరిగిన లావాదేవీలు నేను చేయలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. నా బాధ్యతను నిరూపించే భారం బ్యాంకుపై ఉన్నందున ఈ వివరాలు ఇవ్వగలరు: లావాదేవీ జరిగిన ఫోన్ లేదా కంప్యూటర్ గుర్తింపు, ఐపీ అడ్రసు; మొబైల్ బ్యాంకింగ్ కొత్త ఫోన్‌లో ఎప్పుడు నమోదైంది; డబ్బు అందుకునే ఖాతాను (బెనిఫిషియరీ) ఏ సమయంలో చేర్చారు; ఓటీపీ, అలర్టు ఏ నంబరుకు ఎన్ని గంటలకు వెళ్లాయి; నేను తెలిపిన తర్వాత ఖాతాను ఎన్ని గంటలకు నిలిపివేశారు. నేను తెలిపిన 10 పనిదినాల్లో ఆ మొత్తం నా ఖాతాలో ఎందుకు జమ చేయలేదో తెలుపగలరు.’

ఏటీఎం మోసమైతే సీసీటీవీ దృశ్యాలు చెరిపేయకుండా భద్రపరచమని మొదటి లేఖలోనే అడగాలి. ఆలస్యమైతే వాటి మీద కొత్తవి రికార్డయిపోతాయి. స్టీల్‌ప్లాంట్ లాంటి చోట్ల రిటైరైనవాళ్ల ఖాతాల్లో ఇంకొకటి చూడాలి. దొంగ ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఆన్‌లైన్‌లో రద్దు చేశాడా, లేక దానిమీద ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్ హామీగా అప్పు) తీశాడా? ఓవర్‌డ్రాఫ్ట్ అయితే వడ్డీ మీ మీద పడుతూనే ఉంటుంది, కాబట్టి ఆ వడ్డీ ఆపమని కూడా రాయండి. క్రెడిట్ కార్డుపై ఓటీపీ లేకుండా విదేశీ సైట్లో జరిగిన లావాదేవీ అయితే బ్యాంకు డిస్ప్యూట్ ఫారం (ఆ లావాదేవీపై అభ్యంతరం తెలిపే ఫారం) కూడా నింపాలి, దాని గడువు వేరు.

10 పనిదినాల్లో పడే ఈ జమ తాత్కాలికం. విచారణ మీకు వ్యతిరేకంగా తేలితే వెనక్కి తీసుకుంటారు, అందుకే దాన్ని ఖర్చు పెట్టేయకండి. 90 రోజుల్లో బ్యాంకు తేల్చాలి. కానీ బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి 90 రోజులు ఆగక్కర్లేదు. లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు దాటినా, ఈలోపే తిరస్కరించినా వెళ్లొచ్చు. తిరస్కరణ లేఖ వస్తే అందులో బ్యాంకు అంతర్గత అంబుడ్స్‌మన్ (తిరస్కరించే ఫిర్యాదులను బ్యాంకులోనే మరోసారి చూసేవారు) పరిశీలించినట్టు ఉందో లేదో చూడండి. లేకపోతే అదే ఒక పాయింటు.

రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో ఉచితం. పద్ధతి అర్థం కాకపోతే 14448కి ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు విచారణ దాకా వెళ్లకుండానే వెనక్కి రావడానికి ఈ రెండు కారణాలు చాలు: బ్యాంకుకు ముందు రాసినట్టు ఆధారం జతపరచకపోవడం, లాయరుతో వేయించడం. మీ పేరు మీద మీరే వేయాలి. ఇదే విషయం వినియోగదారుల కమిషన్‌లో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి వరుస మార్చకండి: ముందు అంబుడ్స్‌మన్, అక్కడ కుదరకపోతే కమిషన్. పోలీసు కేసు మాత్రం దీనికి అడ్డు కాదు.

విశాఖలో ఉన్నవాళ్లు బ్యాంకు హెడ్డాఫీసు ఎక్కడున్నా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇక్కడే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు. లాయరు తప్పనిసరి కాదు. మీ లేఖలో పేర్కొనదగ్గ తీర్పు ఒకటి ఉంది. గౌహతి హైకోర్టు ఆదేశాన్ని 2025 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించి, 24 గంటల్లోపే మోసం సంగతి తెలిపిన ఖాతాదారుకు పోయిన రూ.94,204 బ్యాంకే ఇవ్వాలంది. ఆయనను కస్టమర్‌కేర్ పేరుతో ఫోన్ చేసి యాప్ వేయించారు. ఓటీపీ పంచుకున్నాడన్న బ్యాంకు వాదన నిలబడలేదు. మీరే పిన్ను కొట్టి దొంగకు పంపిన యూపీఐ కేసుకు ఇది నేరుగా అతకదు, అక్కడ గెలవడం చాలా కష్టం.

1930 ద్వారా దొంగ ఖాతాలో ఎంతో కొంత ఆగిపోయి ఉంటే దాని దారి వేరు. ఏ బ్యాంకులో ఎంత ఆగిందో దర్యాప్తు అధికారిని అడిగి, ఎఫ్ఐఆర్ కాపీతో మేజిస్ట్రేట్ కోర్టులో ఆ సొమ్ము విడుదలకు పిటిషన్ వేయాల్సి రావచ్చు. అది చేతికి వస్తే బ్యాంకు మీద అడుగుతున్న మొత్తంలోంచి అంత తగ్గించి, సవరించిన లెక్క అంబుడ్స్‌మన్‌కు అదే వారం పంపండి.